వరిసీమలో కాటాముల్లు

కొలుచుట పాలకొల్లువారికి క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. పదునేడవ శతాబ్దమున డచ్చివారు, మన పెద్దలు వలందావారనెడివారు, ఇచ్చట కోఠీ నెలకొల్పి నేతబట్టలను సముద్రము దాటించిన నాడును, వారు పోయి ఇంగ్లీషువారు వచ్చిన నాడును, అటుపిమ్మట కాలువల వెంబడి పడవలమీద ధాన్యమును కొబ్బరియు తరలిపోయిన నాడును, ఈ యూరు మూరలతో గజములతో బట్టను, కుంచము అడ్డ తవ్వ సోలలతో గింజలను, వీశెలతో మణుగులతో నేతిని బెల్లమును, తులములతో బంగారమును కొలిచి బ్రతికినది. కొబ్బరికాయను మాత్రము చేతితో ఎంచి లెక్కకు అమ్మినది. ఇన్ని సరకులను ఇన్ని విధముల కొలిచిన జనులు తమ దేహమును తూచుకొనవలెనని మాత్రము చిరకాలము తలంపలేదు. బిడ్డకు జబ్బుచేసినపుడు తులాభారము మ్రొక్కుకొని, తక్కెడలో ఒకవైపు బిడ్డను మరియొకవైపు బెల్లమును ఉంచుటయే తూనికయన్న తూనిక; అప్పుడైనను బెల్లమెంత పట్టినదో తెలిసికొనుటకే గాని బిడ్డ బరువెంతయో తెలిసికొనుటకు గాదు. మొలత్రాడు బిగువైనచో ఒళ్లు చేసినాడనియు, వదులైనచో చిక్కినాడనియు అనుకొనెడివారు. అంతకుమించిన సూక్ష్మము ఎవరికిని అక్కరలేకపోయెను.

1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరు మొదలుకొని మెట్రిక్ తూనికలు దేశమున క్రమముగా అమలులోనికి రాగా వీశెలు కిలోలైనవి. రైలుస్టేషనులలో రంగుదీపములు తిరుగుచుండు యంత్రమొకటి వెలసి, నాణెము వేసినవానికి ఒకే అట్టముక్కపై బరువును జాతకమును అచ్చువేసి యిచ్చెడిది. ఆ రెంటిలో జాతకమునే జనులు ముందుగా చదివెడివారని నా అభిప్రాయము. ఇంటింట కాటా వెలసి, ప్రొద్దున లేవగానే దానిపై నిలువబడి ముల్లు ఎటుపోయినదని వంగి చూచుకొను అలవాటు మన యెరుకలోనిదే. నేను చెప్పబోవు కథ ఆ ముల్లు ఆగిపోవుటను గూర్చినది. అన్నము మాని, కొవ్వును ప్రధానాహారముగ గైకొన్నవారు మొదటి వారమున మూడు నాలుగు కిలోలు తగ్గి సంతోషించుటయు, రెండవ మూడవ వారములలో బరువు కదలక మెదలక నిలిచిపోగా దిగులుపడుటయు నేడు గోదావరి సీమలో అందరికిని పరిచితమైన విషయమే. ఈ నిలకడను జనులు దోషముగ నెంచుచున్నారు. అది దోషము కాదనియు, ముందు జరిగిన తగ్గుదలనే వారు తప్పుగా లెక్కించిరనియు చెప్పుటకు ఈ డెల్టా చరిత్రయే నాకు ఆధారము.

అన్నము ఈ సీమకు ఇంతగా దక్కినది మిక్కిలి ప్రాచీనకాలమున కాదు. ఆనకట్టకు పూర్వము గోదావరి ఏటేటను ఈ నేలమీదుగా ప్రవహించి సముద్రములో కలసిపోయెడిది. వరద వచ్చిన యేడు మునక, వాన రాని యేడు కరవు. 1832-33 నాటి నందన కరవును గూర్చి తాతలు చెప్పగా విన్నవారు నిన్న మొన్నటివరకు ఉండిరి. కాటన్ దొర ధవళేశ్వరమువద్ద 1847లో పని ప్రారంభించి 1852 నాటికి ఆనకట్టను ముగించిన తరువాత, కాలువనీటితో సార్వాయు, పిదప దాళ్వాయు పండి, వరితోపాటు జొన్నయు చోళ్లును తిని బ్రతికిన ఇండ్లలో మూడు పూటలును అన్నమే ఆహారమైనది. ఉదయము చద్దియో తరవాణియో, మధ్యాహ్నము పప్పు కూర పులుసు పెరుగులతో అన్నము, రాత్రి మరల అన్నము. నడుమ నీరసించినచో గంజి. చేలలో ఊడ్చి కోసి మోసిన దేహములకు ఆ బియ్యము వెచ్చమైపోయెడిది. పడవ తోసినవాడును, ధాన్యపు బస్తా వీపున నెత్తినవాడును, కొబ్బరిచెట్టు ఎక్కినవాడును లావెక్కిన దాఖలా అరుదు.

తరువాత మిల్లులు వచ్చినవి. దంపుడు బియ్యము పోయి తెల్లని పాలిషు బియ్యము విస్తరిలో పడినది. ఈ మార్పువలని మొదటి చేటు స్థౌల్యము కాదు, బెరిబెరి. తవుడుతోపాటు థయామిన్ అను విటమిన్ కొట్టుకొనిపోగా కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె నీరసించెడి ఆ వ్యాధి ఉత్తర సర్కారులలో వ్యాపించియుండెను. కూనూరు పరిశోధనశాలలో మెకారిసన్, అతని వెనుక ఎక్రాయిడ్ అను పరిశోధకులు దీనిని గూర్చి శోధించిరి. ఉప్పుడు బియ్యము తినుచోట కనబడని ఈ జబ్బు పచ్చిబియ్యమును మిల్లాడించి తిను సర్కారు జిల్లాలలో కనబడుటకు కారణము తేలినది. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది. కరవునకు మందుగా వచ్చిన బియ్యము ఒక తరములో వ్యాధికి హేతువగుటయు, పడవలకు బదులు లారీలును నాగళ్లకు బదులు ట్రాక్టర్లును వచ్చిన మరియొక తరములో నడుముచుట్టును చేరుటయు ఇంత స్వల్పకాలములో జరిగిన సీమలు లోకములో ఎన్నియో ఉండవు.

లావు తగ్గించుట యను ఆలోచన మాత్రము ప్రాచీనమే. చరకుడు సూత్రస్థానములో నిందితులైన ఎనిమిదిమంది పురుషులను పేర్కొనుచు అతిస్థూలుని అతికృశుని చేర్చి, ఆ యిరువురిలో కృశుడే మేలని తీర్పుచెప్పెను. స్థూలుని చికిత్స కష్టతరమని ఆయన మతము. అతనికి విధించిన ఆహారములో యవలు, చామలు, ఆరికలు, పెసలు, ఉలవలు ఉన్నవి. మజ్జిగయు తేనెయు ఉన్నవి. వ్యాయామమును జాగరణమును చింతనమును క్రమక్రమముగా పెంచుకొమ్మని చెప్పుటయు ఉన్నది. బరువు తగ్గుటకు చింతయు ఒక సాధనమని మహర్షి చెప్పుచుండగా, కాటాముల్లు కదలలేదని చింతించువారు తెలియకయే చికిత్స చేసికొనుచున్నారని నవ్వుకొనవచ్చును.

మన ఇండ్లలోని ఉపవాసములు దేహము తగ్గించుటకై ఏర్పడినవి కావు, ఐనను బియ్యమును మానుట వానిలో ఒక నియమముగ ఉన్నది. ఏకాదశినాడు అన్నము ముట్టరు. కార్తికమున పంచారామములను ఒక్కదినమున దర్శించువారు పాలకొల్లులోని క్షీరారామమునకు వచ్చి, తొమ్మిది అంతస్తుల గోపురము క్రిందుగా లోనికి పోయి, పగలెల్ల ఉపవసించి నక్షత్రదర్శనమైన పిమ్మట భుజింతురు. కాని పలహారమను పేర ఇడ్డెనలును ఉప్పిండియు అట్లును ఆరగించి ఉపవసించితిమనువారి సంఖ్య ఈ డెల్టాలో తక్కువ కాదు. వదలినది వండిన అన్నమును మాత్రమే, బియ్యమును కాదు. ఈ ఊరివాడైన అల్లు రామలింగయ్యగారు తెరమీద నవ్వించుటయే గాక హోమియోపతి మాత్రలును ఇచ్చెడివారన్న సంగతి తెలిసినదే. రాజమహేంద్రవరమందలి ప్రభుత్వ హోమియో కళాశాలకు ఆయన పేరు పెట్టిరి. ఆ వైద్యమునందైనను ఆయుర్వేదమునందైనను పథ్యమన్నది ప్రధానము. పథ్యమునకు గడువు కలదు, ముగియగానే తలంటిపోసి అన్నము పెట్టుదురు. గడువులేని పథ్యము మన సంప్రదాయమునకు క్రొత్త.

ఆ గడువులేని పథ్యమునకు మూలపురుషుడు లండను నగరమున శవసంస్కారములు నడుపు వృత్తిలో నుండిన విలియం బాంటింగ్. అరువదియైదేండ్లు దాటి 202 పౌనులు, అనగా రమారమి 92 కిలోలు తూగుచు, మెట్లు దిగుటకు వెనుకకు తిరిగి దిగవలసినవాడు. చెవి వైద్యుడైన విలియం హార్వీ యతనికి రొట్టె, చక్కెర, బంగాళదుంప, బీరు మాన్పించెను. హార్వీ పారిసులో క్లాడ్ బెర్నార్డు ఉపన్యాసములు విన్నవాడు. బెర్నార్డు కాలేయమున చక్కెర నిలువచేయబడు రూపమైన గ్లైకోజెనును 1857లో వేరుచేసి చూపెను. ఒక యేటిలో 46 పౌనులు తగ్గిన బాంటింగ్ 1863లో ఆ వృత్తాంతమును చిన్నపుస్తకముగ అచ్చువేయించి మొదట ఉచితముగా పంచిపెట్టెను. ఇందు గమనింపదగినది తగ్గుటకు పట్టిన ఆ యేడాది కాలము. 

ఇట్టి పథ్యమే పిదప వేరొక రోగమునకు చికిత్సగా వచ్చినది. మూర్ఛరోగులైన పిల్లలు ఉపవాసమున్నపుడు ఫిట్లు తగ్గుటను చూచి, ఉపవసింపకయే ఆ స్థితిని కలిగించుటకై 1921లో అమెరికాలోని మేయో చికిత్సాలయమున వైల్డర్ అను వైద్యుడు కొవ్వు మిక్కిలిగను పిండిపదార్థము అత్యల్పముగను గల ఆహారమును రూపొందించి దానికి కీటోజెనిక్ అని పేరిడెను. పిండిపదార్థము లేనపుడు కాలేయము కొవ్వునుండి కీటోనులను తయారుచేయును. వాటితో మెదడు నడచును. మరుసటి యేడే ఇన్సులిన్ వాడుకలోనికి వచ్చి మధుమేహపు చికిత్సనే మార్చివేసెను. 1972లో అట్కిన్స్ అను వైద్యుడు పుస్తకము వ్రాసి ఈ పథ్యమును లావు తగ్గించుకొనువారి సొమ్ము గావించెను.

మన తెలుగునాట దానికి తెరలేచినది 2017, 2018 సంవత్సరములలో. వీరమాచనేని రామకృష్ణగారు వృత్తిచేత వైద్యులు కారు. ఐనను వారి సభలకు కల్యాణమండపములు చాలకపోయెను, వారి ప్రసంగములు సెల్‌ఫోనులో వినని ఇల్లు అరుదాయెను. నాలుగు స్తంభములని వారు చెప్పినవి: దినమునకు 70 మొదలు 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. వైద్యసంఘములవారు ఆక్షేపించిరి, టెలివిజనులో వాదములు జరిగెను, పక్షములేర్పడెను. ఉప్పు నూనెలు మానుమను మంతెన సత్యనారాయణరాజుగారి ప్రకృతివైద్యము అదివరకే ఒక పక్షము. చిరుధాన్యములు తినుమను ఖాదర్‌వలీగారిది మరియొకటి. ఒక్క యింటిలోనే తండ్రి రాగులు, తల్లి ఉప్పులేని కూర, కొడుకు కొబ్బరినూనె సేవించిన రోజులవి.

కొబ్బరినూనె! పాలకొల్లు సంతలో కొబ్బరికాయలు గుట్టలుగా పడియుండును. గోదావరి దాటినచో అంబాజీపేట. ఐనను ఈ సీమవారు కొబ్బరినూనెను తలకు రాచుకొన్నారే గాని కూరకు పోసికొన్నవారు కారు. వంటకు నువ్వులనూనె, వేరుసెనగనూనె, అన్నములోనికి నేయి. కేరళీయుల వంటలో ఆ వాసన తగిలిన ముక్కు మూసికొను మనవారు, కాఫీలో చెంచాలతో కలుపుకొని త్రాగసాగిరి. పచ్చికొబ్బరిని పచ్చడికి, పూర్ణమునకు వాడెడి చేతులు కొవ్వు గ్రాములు లెక్కింపసాగెను. ఒక ఆహారవిధానము ఒక సీమ పంటను ఇంత హఠాత్తుగా తలనుండి కడుపునకు దింపుట వింతయే.

ఇక ముల్లు. "మొదటి వారంలో నాలుగు కిలోలు తగ్గానండి, తర్వాత పదిరోజులైనా చుక్క తగ్గలేదండి, ఎక్కడో తేడా జరిగిందండి" అను మాట ఆ దినములలో అరుగుమీదను, మెడికల్ షాపువద్దను, పెండ్లిపందిరిలోను వినబడినది. నూనె చాలలేదని కొందరు, నీళ్లు చాలలేదని కొందరు, దొంగచాటుగా ఒక కిస్మిసు పండు తిన్నందున మొత్తము చెడినదని కొందరు కారణములు చెప్పిరి. పాపభీతి మన రక్తములో ఉన్నది కాబోలు.

అసలు జరుగునది యిది. మనిషి దేహమున కాలేయములో ఇంచుమించు 100 గ్రాములును, కండరములలో ఇంచుమించు 400 గ్రాములును గ్లైకోజెను నిలువయుండును. దాని ప్రతి గ్రామును మూడు గ్రాములో అంతకు కొంచెము హెచ్చుగనో నీటిని పట్టియుంచును. అన్నము మానిన రెండు మూడు దినములలో ఆ నిలువ చాలవరకు కరగిపోవగా దానిని అంటియున్న నీరును పోవును. అంతేకాక ఇన్సులిన్ తగ్గగానే మూత్రపిండములు ఉప్పును నిలుపుట మాని విసర్జించును. ఉప్పు వెంట నీరు పోవును. తరచుగా మూత్రమునకు పోవుట, నాలుక ఎండుట, తలనొప్పి, పిక్కలు పట్టుట, ఇవన్నియు ఆ మొదటి వారపు లక్షణములే. కాటాపై కనబడిన నాలుగు కిలోలలో కొవ్వు కొలదిపాటి, తక్కినదానిలో అధికభాగము ఉప్పునీరు.

ఇది ఊహ కాదు. 1976లో న్యూయార్కునందు యాంగ్, వాన్ ఇటాలీ అను పరిశోధకులు స్థూలకాయులైన ఆరుగురికి దినమునకు 800 కెలొరీల ఆహారము పదేసి దినములు పెట్టి, ఒకసారి కీటోజెనిక్‌గను మరియొకసారి పిండిపదార్థములు కలిసిన సామాన్యాహారముగను ఇచ్చి, తగ్గిన బరువులో ఏది ఎంతయో విడదీసి చూచిరి. కీటోజెనిక్ ఆహారమున దినమునకు సగటున 466.6 గ్రాములు, సామాన్యాహారమున 277.9 గ్రాములు తగ్గెను. మొదటిదానిలో నీటి పాలు నూటికి 61.2, రెండవదానిలో 37.1. కరగిన కొవ్వు రెంటను దాదాపు సమానమే. ఎక్కువ తగ్గినట్లు కనబడినది దాదాపు అంతయు నీరే యన్నమాట.

డెల్టా రైతునకు దీనిని చెప్పుట సులభము. దాళ్వా కోతలైన పిమ్మట వేసవిలో ధవళేశ్వరమువద్ద తలుపులు మూసి కాలువలు కట్టివేయుదురు. నాలుగు దినములలో నిండుకాలువ అడుగంటును. గట్టున నిలుచున్నవానికి ఎంతో పని జరిగినట్లు తోచును. పూడిక తీయుట మాత్రము అప్పుడే మొదలగును; గంపెడు గంపెడు మన్ను పైకి చేరుచున్నను గట్టుమీదివానికి కాలువ మట్టములో మార్పేమియు కనబడదు.

కొవ్వు కరుగుట ఎంత నెమ్మదియో అంకెలలో చూడుడు. దేహమున నిలువయైన కొవ్వు కిలోలో ఇంచుమించు 7,700 కెలొరీలు కలవు. దేహమునకు కావలసినదానికన్న దినమునకు 500 కెలొరీలు తక్కువగా తిన్నవానికి దినమునకు 65 గ్రాముల కొవ్వు కరుగును. ఒక పెద్దగ్లాసు మంచినీళ్లు పావుకిలో. అనగా నాలుగు దినముల కొవ్వును ఒక గ్లాసు నీరు కాటామీద కప్పివేయగలదు. రాత్రి ఆవకాయయో ఉప్పుచేపయో కాస్త చొరవగా తిన్నవానికి మరునాడు అరకిలో పెరిగినట్లు కనబడును. స్త్రీలకు నెలసరి ముందు కిలోకు పైబడియు పెరుగవచ్చును. ఇట్టి ఆటుపోట్ల నడుమ పదిదినముల తగ్గుదల కనబడకపోవుటలో అబ్బురమేమి? మొలత్రాడు వదులగుటను చూచుకొన్న పాతవారే ఈ విషయమున కాటావారికన్న వివేకులు. ముల్లు నిలిచియున్న వారములలోనే నడుము రెండు వేళ్లు తగ్గుట కద్దు.

నిజమైన నిలకడయు లేకపోలేదు. మనము తినెడి స్వచ్ఛమైన కొవ్వు గ్రాములో తొమ్మిది కెలొరీలుండును. నూరు గ్రాముల కొబ్బరినూనె యనగా తొమ్మిదివందలు. ఆకలి తగ్గినందున తక్కిన భోజనము తగ్గించుకొన్నవానికి అది చెల్లును. స్తంభమని నూనెను త్రాగి, పైన పనీరు, జీడిపప్పు, వేపుడుచేప యథాశక్తి తిన్నవానికి చెల్లదు. మనిషి తేలికైనకొలది దేహపు ఖర్చును తగ్గును. ఇక చక్కెరవ్యాధి మాత్రలు, ఇన్సులిన్, రక్తపోటు మాత్రలు వాడువారు ఈ మొదటి పక్షమును సొంతవైద్యముగా గడుపుట ప్రమాదకరము. పిండిపదార్థము తగ్గి, ఉప్పును నీరును పోవుచుండగా పాత మోతాదే వేసికొన్నచో రక్తములో చక్కెరయు రక్తపోటును పడిపోవచ్చును. మందు తగ్గించుట వైద్యుని పని.

గ్లైకోజెను మాట వచ్చినందున మన పొరుగూరివాని తలచుకొనకుండుట న్యాయము కాదు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. కండరము ముడుచుకొనుటకు గ్లైకోజెను లాక్టిక్ ఆమ్లముగ మారుటయే కారణమని హిల్, మేయర్‌హోఫ్ అను శాస్త్రజ్ఞులు చెప్పి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము పొందియుండగా, హార్వర్డులో సహపరిశోధకుడైన ఫిస్కేతో కలిసి సుబ్బారావుగారు రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించి, ఆ పద్ధతి చేతపట్టుకొని కండరములో ఫాస్ఫోక్రియాటిన్‌ను, పిదప ఏటీపీని కనుగొనిరి. కండరపు తక్షణశక్తి వేరొక పదార్థమునందు ఉన్నదనియు, గ్లైకోజెను వెనుకనుండి దానిని పూరించు నిలువ మాత్రమేయనియు దానివలన తెలియవచ్చెను.   భీమవరమునుండి పాలకొల్లునకు రైలులో వచ్చు కాలమెంత? ఐనను ఏటీపీ పేరు చెప్పి బరువు తగ్గించెదమను పొడుల ప్రకటనలు ఈ దారిలో కనబడునే గాని దానిని కనుగొన్నవాడు ఈ దారివాడేయని తెలిసినవారు తక్కువ.

బియ్యమే శత్రువని నమ్మినవారికి మరియొక వృత్తాంతము చెప్పవలసియున్నది. 1939లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున వాల్టర్ కెంప్నర్ అను జర్మనుదేశపు వైద్యుడు, తీవ్రమైన రక్తపోటుతో వచ్చినవారికి అన్నము, పండ్లు, పండ్లరసము, చక్కెర మాత్రమే ఆహారముగ విధించెను. ఉప్పు ఇంచుమించు శూన్యము, కొవ్వును అంతే. రోగులు చాటుగా ఉప్పు తినుచున్నారేమోయని మూత్రమును పరీక్షింపించెడివాడు. అక్కడను మొదటి దినములలో ఉప్పుతోపాటు నీరు విడిచి బరువు జారెను, పిదప నెమ్మదించెను. తరువాత స్థూలకాయులకును అదే అన్నమును కొలతవేసి పెట్టి, వ్యాయామము చేయించి, 45 కిలోలకు తక్కువకాకుండ తగ్గిన 106 మంది వృత్తాంతమును 1975లో ప్రకటించిరి. వారు తగ్గినది సగటున 63.9 కిలోలు. పాలకొల్లులో ఎవరికైనను ఈ మాట చెప్పినచో మొదట నమ్మరు; నమ్మిన పిమ్మట ఆ అన్నములోనికి కూరయేమని అడుగుదురు. కూర లేదు, పప్పు లేదు, నేయి లేదు, ఆవకాయ లేదనగానే కొబ్బరినూనెయే నయమని లేచిపోవుదురు.